తొమ్మిది రోజుల్లో అమెరికా అంతా వద్దు, మిసిసిపీ డెల్టా చాలు

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పదకొండేళ్లుగా ఉంటున్నాం. అమ్మాయికి 16, అబ్బాయికి 13. వాళ్లకు తెలిసిన అమెరికా అంటే స్కూలు, కుమాన్, గుడి, మనవాళ్ల పుట్టినరోజు పార్టీలు. మిసిసిపీ అంటే మావాడికి స్పెల్లింగ్ బీలో వచ్చే మాట, అంతే. మార్చి స్ప్రింగ్ బ్రేక్‌లో వారాంతాలతో కలిపి తొమ్మిది రోజులు దొరుకుతాయి. ఈ దేశంలో రకరకాల మనుషులు ఎలా బతుకుతున్నారో పిల్లలకు చూపించాలని మెంఫిస్, అట్లాంటా, పెన్సిల్వేనియాలో ఆమిష్ ఊళ్లు, న్యూయార్క్ చైనాటౌన్, నవాహో ఆదివాసుల రిజర్వేషన్ అని లిస్టు రాసుకున్నాం. మనుషుల్ని జూలో జంతువుల్లా చూసి వచ్చినట్టు అవుతుందేమోనని నా భయం. దక్షిణాది పల్లెల్లో మన రంగువాళ్లకు ఇబ్బంది ఉండదా అని మావారి అనుమానం. పైగా మేం శాకాహారులం. ఎలా వెళ్లమంటారు? – ఒక తల్లి

సమాధానం: ముందు మీ లిస్టును మ్యాపు మీద కలిపి చూడండి. ఫ్రిస్కోలో మొదలై అన్నీ చుట్టి ఇంటికి చేరేసరికి నాలుగున్నర వేల మైళ్లు దాటుతుంది. తొమ్మిది రోజులూ రోజుకు ఎనిమిది గంటలు కార్లోనే గడుస్తుంది. పిల్లలు చూసేది మనుషుల్ని కాదు, హైవే పక్కన ఒకేలా ఉండే గ్యాస్ స్టేషన్లని. మీరు భయపడుతున్న జూ వ్యవహారం కూడా ఇక్కడే పుడుతుంది. ఒక ఊళ్లో రెండు గంటలే ఉంటే చూడటం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు. మూడు రాత్రులు పడుకున్న ఊళ్లో మాత్రం కాఫీ పోసే ఆవిడ రెండో రోజుకి పలకరిస్తుంది, మూడో రోజుకి మీ అబ్బాయి ఏ క్లాసో అడుగుతుంది. అందుకే నాలుగు ఊళ్లు కొట్టేసి ఒక ప్రాంతానికి వెళ్లండి. మీ ఇంటి నుంచి అయితే నేను మిసిసిపీ డెల్టాకే ఓటు వేస్తాను.

డెల్టా అనగానే మనకు కోనసీమ కళ్లముందుకొస్తుంది కానీ, ఇది నది సముద్రంలో కలిసే చోటు కాదు. మెంఫిస్ దిగువ నుంచి విక్స్‌బర్గ్ దాకా, మిసిసిపీ, యాజూ నదుల మధ్య వరదలు పరిచిన ఒండ్రు నేల. అరచేతిలా చదునుగా, సుమారు 200 మైళ్ల పొడవున ఉంటుంది. ఈ కొద్ది నేల మీదే ఆదివాసులైన చాక్టా తెగవారు, ప్లాంటేషన్ల తెల్ల యజమానులు, బానిసలుగా వచ్చి తర్వాత పాలికి సేద్యం చేసిన నల్లజాతివారు, కిరాణా కొట్లు పెట్టిన చైనావాళ్లు ఒకరి మీద ఒకరు పొరల్లా కనిపిస్తారు. మోటెల్ కౌంటర్‌లో గుజరాతీ పటేల్ కనిపించినా ఆశ్చర్యం లేదు. ఒక్కో జాతిని ఒక్కో ఊళ్లో విడిగా చూస్తే పిల్లలకు ఒక్కోటీ ఒక ప్రదర్శనలా అనిపిస్తుంది. ఒకే నేల మీద చూస్తే ఎవరి భూమి ఎవరికి పోయింది, ఎవరి కష్టం ఎవరికి చేరింది అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

బయల్దేరడానికి రెండు వారాల ముందు ఒక శనివారం ఓక్లహోమాలోని డ్యూరాంట్‌కి వెళ్లి రండి. 75 నంబరు హైవే పట్టుకుని ఉత్తరానికి వెళితే గంటన్నరలోపే. డాలస్‌లో మనవాళ్లలో చాలామందికి డ్యూరాంట్ అంటే కసీనోనే గుర్తొస్తుంది. చాక్టా నేషన్ 2021లో తెరిచిన కల్చరల్ సెంటర్ అక్కడే ఉంది, తమ కథను తామే చెప్పుకునే చోటు. దానికి మూడు గంటలు ఇవ్వండి. మీరు మార్చిలో వెళ్లబోయే డెల్టా ఒకప్పుడు వీళ్లదే. 1820, 1830 ఒప్పందాలతో ఆ నేల చేజారింది. 1830 నాటి డ్యాన్సింగ్ ర్యాబిట్ క్రీక్ ఒప్పందం తర్వాత ఎక్కువమందిని ఓక్లహోమాకి తరిమేశారు. కొంతమంది కదలకుండా మిసిసిపీలోనే ఉండిపోయారు. ఇప్పటికీ అక్కడ చాక్టా సమాజం ఉంది. డ్యూరాంట్‌లో తీసుకున్న ఒక మ్యాపు మీ అమ్మాయి దగ్గర ఉంచండి, డెల్టాలో బయటికి తీయడానికి. నవాహోని ఈసారికి వదిలేయండి. అది ఈ సెలవుల్లో ఇరికించగలిగేది కాదు. ఎప్పుడైనా వెళితే మాత్రం అది పార్కు కాదని, తమ చట్టాలు తమకున్న ప్రభుత్వమని పిల్లలకు ముందే చెప్పండి. అక్కడ మద్యం నిషేధం. మనుషుల్నీ ఇళ్లనీ అడగకుండా ఫొటో తీయకూడదు.

ఇక దారి. శనివారం పొద్దున్నే బయల్దేరితే గ్రీన్‌విల్, టెక్సార్కానా మీదుగా లిటిల్ రాక్ సుమారు 320 మైళ్లు, ఆగుతూ ఆగుతూ ఆరు గంటలు. అక్కడ సెంట్రల్ హైస్కూల్ ఉంది. 1957 సెప్టెంబరు 4న తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు ఆ స్కూల్లో చేరడానికి వచ్చారు. అందరూ కలిసి రావాలని ముందురోజు రాత్రి ఫోన్ల మీద అనుకున్నారు. ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ ఇంట్లో ఫోను లేదు. ఆ కబురు అందక 15 ఏళ్ల ఆ పిల్ల ఒంటరిగా వచ్చి అరుస్తున్న గుంపు మధ్యన నడిచింది. గవర్నరు పంపిన నేషనల్ గార్డు సైనికులు లోపలికి వెళ్లనివ్వలేదు. చివరికి అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ 101వ ఎయిర్‌బార్న్ దళాన్ని దించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఊళ్లోని హైస్కూళ్లన్నీ మూసేశారు. ఏడాదంతా స్కూలు లేదంటే మీవాడు ముందు సంబరపడతాడు. పడనివ్వండి. మరి పన్నెండో క్లాసు వాళ్ల కాలేజీ సంగతేంటని తర్వాత వాళ్లక్కే అడుగుతుంది. అది ఇప్పటికీ నడుస్తున్న స్కూలు కాబట్టి మామూలుగా లోపలికి పోనివ్వరు. పార్క్ రేంజర్ వెంట వెళ్లే టూర్‌కి ముందే బుక్ చేసుకోవాలి, దొరక్కపోతే ఎదురుగా ఉన్న విజిటర్ సెంటర్ చాలు. విలేకరులు వార్తలు పంపడానికి ఫోను వాడుకున్న పాత గ్యాస్ స్టేషన్ కూడా మూలన అలాగే ఉంది.

ఆదివారం చర్చి. హిందూ కుటుంబానికి ఈ సలహా ఏంటనుకోకండి. బానిసత్వం నాటి నుంచి నల్లజాతి సమాజానికి రచ్చబండ, బడి, బ్యాంకు, రాజకీయ వేదిక అన్నీ చర్చే. మ్యూజియంలో గాజు వెనక చూసేదాన్ని ఇక్కడ మనుషుల మధ్య చూస్తారు. వారం ముందు చర్చి ఆఫీసుకి ఫోన్ చేసి, మేం వేరే మతం వాళ్లం, పిల్లలతో ఆరాధనకి రావచ్చా అని అడగండి. సాధారణంగా సంతోషంగా రమ్మంటారు. అక్కడ మంచి బట్టలతో వస్తారు. జీన్స్, స్నీకర్లు వద్దు, అబ్బాయికి కాలర్ చొక్కా, అమ్మాయికి మన సల్వార్ కమీజ్ అయినా బావుంటుంది. ఆరాధన రెండు గంటలు సాగొచ్చు. కొత్తవాళ్లు లేచి పేరు, ఊరు చెప్పమంటారు. ఆ మాట అమ్మాయి చెప్తే మంచిది. కానుకల పళ్లెం తిరిగినప్పుడు వేయడానికి నలుగురి జేబుల్లోనూ ఐదు డాలర్ల నోట్లు ఉంచండి, కార్డు తీయడం బాగుండదు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే కమ్యూనియన్ ఉంటే తీసుకోకుండా పక్కవారికి అందిస్తే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. పాట ఎంత బాగున్నా ఫోను మాత్రం బయటికి రాకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి వీడియో తీశారంటే జూకి టికెట్ కొన్నట్టే.

మధ్యాహ్నం భోంచేసి మెంఫిస్‌కి, రెండు గంటల పైచిలుకు. సోమవారం మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన లొరైన్ మోటెల్‌లో ఉన్న నేషనల్ సివిల్ రైట్స్ మ్యూజియం. దానికి వారంలో సెలవు రోజుంటుంది, సరిచూసుకుని అవసరమైతే ప్లాన్ ఒక రోజు జరపండి. కింగ్ అనగానే స్కూల్లో చెప్పే కల ప్రసంగం ఒక్కటే పిల్లలకు తెలుసు. ఆయన ఆ ఊరికి ఎందుకు వచ్చాడో తెలియదు. 1968 ఫిబ్రవరి 1న వానకు తడవకుండా చెత్త లారీ వెనక తలదాచుకున్న ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు అందులోని చెత్తను నలిపే యంత్రంలో చిక్కుకుని చనిపోయారు. 1,300 మంది కార్మికులు సమ్మెకి దిగారు. 'నేనూ మనిషినే' అన్న అర్థం వచ్చే అట్టలు మెడలో వేసుకుని నడిచారు. వాళ్లకు అండగా వచ్చి, ఏప్రిల్ 4న 306 నంబరు గది బయట బాల్కనీలో నిలబడి ఉండగా తూటా తగిలి, ఆయన ఆసుపత్రిలో చనిపోయాడు. ఇంత వరకు ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి. లోపల చదవాల్సింది చాలా ఉంటుంది. అన్నీ చదివిస్తే పదమూడేళ్లవాడు రెండో గంటకే చేతులెత్తేస్తాడు. ఎవరికి నచ్చిన మూడు చోట్ల వాళ్లు ఆగాలని ఒప్పందం చేసుకోండి.

ఆ సాయంత్రం 61వ నంబరు హైవే మీద దిగువకి, క్లీవ్‌లాండ్ అనే ఊరికి రెండున్నర గంటల లోపు. ఒహాయోలో ఉన్న క్లీవ్‌లాండ్ కాదు, హోటల్ బుక్ చేసేటప్పుడు రాష్ట్రం చూసుకోండి. సోమ, మంగళ, బుధ, గురువారాలు నాలుగు రాత్రులూ అక్కడే పడుకోండి. బట్టలు సర్దడం, మళ్లీ విప్పడం తప్పితే పిల్లల చిరాకు సగం తగ్గిపోతుంది.

మంగళవారం క్లార్క్స్‌డేల్, సమ్నర్. క్లార్క్స్‌డేల్‌లో పాత రైల్వే గూడ్స్ డిపోలో డెల్టా బ్లూస్ మ్యూజియం ఉంది. బ్లూస్ అంటే ఇక్కడి నల్లజాతివారి పాట. ఊరి శివారులో ఉన్న హాప్సన్ ప్లాంటేషన్‌లో 1944 అక్టోబరు 2న పత్తి తీసే యంత్రాన్ని జనం ముందు నడిపి చూపించారు. తర్వాతి రెండు దశాబ్దాల్లో డెల్టాలో కూలీల అవసరం కరిగిపోయి, లక్షలమంది షికాగో లాంటి ఊళ్లకు పోయారు. ఇక్కడ మీకు ఒక అనుకూలత ఉంది. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ వైపు మీ తాతలదో మామయ్యలదో పత్తి చేను ఉండే ఉంటుంది. కౌలంటే ముందే ఖరారైన మక్తా, పాలంటే పంటలో వాటా అన్న తేడా మీకు తెలుసు. ఇక్కడ షేర్‌క్రాపింగ్ అన్నది పాలికి చేయడమే. భూమి, ఇల్లు, గింజలు, కంచర గాడిద దొరవి. కష్టం వీళ్లది. పంటలో సగం. కానీ ఏడాదంతా ప్లాంటేషన్ కొట్లోనే అప్పు మీద సరుకులు తెచ్చుకోవాలి, ఆ లెక్క పుస్తకం దొర చేతిలో ఉంటుంది. పంట చేతికొచ్చాక లెక్క చూస్తే బాకీయే మిగిలేది. చేతితో ఏరితే రోజుకు 200 పౌన్లు తీసేవాళ్లు గట్టి కూలీలు. ఒక బేలుకి సుమారు 1,500 పౌన్ల గింజ పత్తి కావాలి. బేలు దూది తూకం 500 పౌన్లు, మిగతాది గింజ. ఒక్కరు బేలు పత్తి తీయడానికి ఎన్ని రోజులో మీవాడిని లెక్క కట్టమనండి. కుమాన్ లెక్కలు ఒక్కసారైనా అక్కరకొస్తాయి. మార్చిలో చేలు ఖాళీగా ఉంటాయి, తెల్లగా విచ్చిన పత్తి చూడాలంటే సెప్టెంబరు చివర, అక్టోబరు. మీకు కుదిరేది మార్చే కాబట్టి దాని గురించి బెంగపడకండి. ఎండ, దోమలు రెండూ ఇంకా ముదరని నెల అది.

సమ్నర్ గురించి జాగ్రత్తగా చెప్పాలి. షికాగో నుంచి చుట్టాలింటికి సెలవులకు వచ్చిన 14 ఏళ్ల ఎమెట్ టిల్‌ను 1955 ఆగస్టులో ఎత్తుకుపోయి చంపారు. తెల్ల ఆవిడతో అమర్యాదగా ప్రవర్తించాడన్నది ఆరోపణ. సమ్నర్ కోర్టులో పన్నెండు మంది తెల్ల మగవాళ్ల జ్యూరీ గంటకు కాస్త మించి కూర్చుని నిందితులను నిర్దోషులన్నది. తర్వాత కొన్ని నెలలకే చంపింది మేమేనని వాళ్లే డబ్బు తీసుకుని ఒక పత్రికకు చెప్పారు. ఆ కోర్టు గదిని నాటి రూపానికి తెచ్చి ఉంచారు. ఎదురుగా ఎమెట్ టిల్ ఇంటర్‌ప్రెటివ్ సెంటర్ ఉంది, అక్కడి వాళ్లే కోర్టు గదిని దగ్గరుండి చూపించి చెబుతారు, ముందే ఫోన్ చేసి సమయం తీసుకోవాలి. నదిలో శవం దొరికిందని చెప్పే చోట పెట్టిన బోర్డును మళ్లీ మళ్లీ తుపాకులతో కాల్చారు. 2019లో తూటాలు దిగని బోర్డు పెట్టాల్సి వచ్చింది. ఇది పాత కథ కాదని పిల్లలకు మీరు వేరే చెప్పక్కర్లేదు. టిల్ తల్లి కొడుకు శవపేటికను తెరిచి ఉంచమంది, ఆ ఫొటో లోకమంతా చూసింది. మీ అబ్బాయికి అలాంటి ఫొటో ఉంటుందని ఒక రోజు ముందే చెప్పండి. చూడాలో వద్దో వాడికే వదిలేయండి. మధ్యలో బయటికి వస్తానంటే మీలో ఒకరు మాట్లాడకుండా వెంట రండి. రోజుకు ఇలాంటి బరువైన చోటు ఒక్కటే. అక్కడి నుంచి వచ్చాక ఉపన్యాసం కాదు, తిండి, వీలైతే స్విమ్మింగ్ పూల్. కారెక్కగానే 'ఏం నేర్చుకున్నావురా?' అని అడిగితే వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు, వాడి తప్పు లేదు.

బుధవారమే ఈ ప్రయాణానికి గుండెకాయ అనుకుంటాను. క్లీవ్‌లాండ్‌లోనే డెల్టా స్టేట్ యూనివర్సిటీ ఆర్కైవ్స్ భవనంలో డెల్టా చైనీయుల వారసత్వ మ్యూజియం ఉంది. చిన్నది, ముందుగా చెప్పి వెళ్లాలి. అంతర్యుద్ధం తర్వాత ప్లాంటేషన్ కూలికి వచ్చిన చైనావాళ్లు ఆ పని మానేసి, నల్లజాతివారుండే పేటల్లో కిరాణా కొట్లు పెట్టుకున్నారు. తెల్లవాళ్ల కొట్లలో నల్లవాళ్లకు మర్యాద లేదు, వీళ్ల కొట్లో అప్పు పుట్టేది. అక్కడికి 20 మైళ్ల దూరంలో నది ఒడ్డున రోజ్‌డేల్ ఉంది. 1924లో తొమ్మిదేళ్ల మార్తా లమ్‌ను ఆ ఊరి తెల్లవాళ్ల స్కూలు చైనా పిల్లని చెప్పి పంపించేసింది. తండ్రి గాంగ్ లమ్ కేసు వేశాడు. 1927లో సుప్రీంకోర్టు ఆ పిల్లను నల్లజాతివారి స్కూలుకే పంపవచ్చని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది.

ఇందులో పిల్లలతో తీరిగ్గా మాట్లాడాల్సిన మెలిక ఒకటుంది. పిల్లల్ని రంగును బట్టి విడదీయడం తప్పని లమ్ కుటుంబం వాదించలేదు. మా పిల్ల నల్లపిల్ల కాదు కదా అన్నది. దానికి నాలుగేళ్ల ముందు, 1923లో, అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కోసం అదే కోర్టుకెళ్లాడు. అప్పట్లో పౌరసత్వం పొందాలంటే తెల్లవాడో, ఆఫ్రికా సంతతివాడో కావాలి. ఆయన వాదన ఏమిటి? నేను అగ్రకులం ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాణ్ణే అని. కోర్టు ఒప్పుకోలేదు. భారతీయులకు ఆ తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు. తెలుగు ఇంజనీర్లు, డాక్టర్లు పెద్ద ఎత్తున రావడానికి దారి వేసింది 1965 వలస చట్టం. ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకే, అదే పౌరహక్కుల పోరు తెచ్చిన గాలిలో అది వచ్చింది. మీ పిల్లలు ఫ్రిస్కోలో పెరగడానికీ డెల్టాలో ఓటు కోసం దెబ్బలు తిన్నవాళ్లకీ సంబంధం ఉంది. మధ్యలో నిలబడ్డవాళ్లు పైవాళ్లతో కలవాలని చూశారా, పక్కవాళ్లతోనా అన్న ప్రశ్న రోజ్‌డేల్ నది గట్టు మీద కూర్చుని అడగండి. జవాబు మీరు చెప్పకండి.

అదే మధ్యాహ్నం, క్లీవ్‌లాండ్‌కి పది మైళ్ల ఎగువన మౌండ్ బాయు. బానిసత్వం నుంచి బయటపడ్డ ఐజయా మాంట్‌గొమరీ, బెంజమిన్ గ్రీన్ 1887లో నల్లజాతివారి కోసమే కట్టిన ఊరు. మేయరు నుంచి ఆసుపత్రి దాకా అన్నీ వాళ్లవే. తెల్ల ఆసుపత్రుల పెరటి గుమ్మం నుంచి పోవాల్సిన కాలంలో 1942లో కట్టిన టాబోరియన్ ఆసుపత్రి వీధి గుమ్మం నుంచే నల్లజాతి రోగులు లోపలికి నడిచారు. ఇప్పుడు ఊరు చిన్నబోయింది, మూతపడ్డ భవనాలున్నాయి. నోరు జారి 'అయ్యో పాపం' అనకండి, ఇళ్ల ఫొటోలు తీయకండి, కారు అద్దాలు ఎక్కించుకుని వీధులు చుట్టకండి. కారు ఆపి దిగండి, ఊళ్లోనే ఏదైనా కొనండి, తినండి. గైడ్ ఉంటే వాళ్ల ఊరివాళ్లనే పెట్టుకోండి, సగం రోజుకి అడిగినంత ఇచ్చి బేరమాడకండి.

గురువారం తేలిక. క్లీవ్‌లాండ్, రూల్‌విల్ మధ్య 8వ నంబరు రోడ్డు మీద డాకరీ ఫార్మ్స్, బ్లూస్ పుట్టిల్లని పేరు. టికెట్ లేదు, పాత జిన్నింగ్ మిల్లు షెడ్డు కింద తిరగొచ్చు. రూల్‌విల్‌లో ఫ్యానీ లూ హేమర్ సమాధి ఉన్న తోట. పాలికి చేసే కూలి ఇంట్లో పుట్టిన ఆవిడను 1962లో ఓటు నమోదుకు వెళ్లినందుకు ఉంటున్న ప్లాంటేషన్ నుంచే వెళ్లగొట్టారు. ఆ తర్వాత ఇండియనోలా, బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ మ్యూజియం. హేమర్ ఓటు నమోదు కోసం వెళ్లింది ఈ ఊరి కోర్టుకే. శుక్రవారం జాక్సన్‌కి రెండున్నర గంటలు, 2017లో తెరిచిన మిసిసిపీ సివిల్ రైట్స్ మ్యూజియం. శనివారం 20వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద ఇంటికి, ఏడు గంటలు. ఆదివారం నిద్రపోండి. మొత్తం 1,400 మైళ్లకు అటూ ఇటూ.

ఇక మీరు అడగనిది ఒకటి చెప్పాలి. మన ఇళ్లలో 'నల్లోళ్లు' అన్న మాట ఏ గొంతుతో పలుకుతామో పిల్లలకు తెలుసు. తెలుగు సరిగా రాదనుకునే పిల్లలకు కూడా ఆ మాట, దాని వెనకాల వచ్చే 'జాగ్రత్త' బాగానే అర్థమవుతాయి. బయల్దేరే ముందు మీరిద్దరూ దాని గురించి మాట్లాడుకోండి. మ్యూజియంలో కన్నీళ్లు పెట్టుకుని కార్లో మెంఫిస్ వీధుల గురించి పాత మాటే అంటే, పిల్లలు నేర్చుకునేది రెండోదే.

ఇంకొకటీ వస్తుంది, తప్పకుండా వస్తుంది. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేరే వేరేగా పెట్టిన నీళ్ల కొళాయిల ఫొటో చూసి మీ అమ్మాయి 'మన ఊళ్లో ఇలా ఉండేదా' అని అడుగుతుంది. 'మనకలాంటివి లేవు' అనకండి. అమ్మమ్మ ఊళ్లో వేరు బావులు, హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి, ఊరికి దూరంగా పేట, మీకు తెలిసినంత చెప్పండి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఎందుకు జరిగాయో పదహారేళ్ల పిల్లకు చెప్పవచ్చు. తెలంగాణ వైపు వారైతే వెట్టి గురించి చెప్పండి. పెళ్లిళ్లలో కులం సంగతి కూడా అడుగుతుంది. సిద్ధంగా ఉండండి.

మీవారి అనుమానానికి వద్దాం. పెద్ద ముప్పు మనుషుల నుంచి కాదు, రోడ్డు నుంచి. 61వ హైవే మీద 65 వేగంతో పోతుంటే ఊరు రాగానే ఒక్కసారి 35కి పడిపోతుంది, పోలీసు అక్కడే ఉంటాడు. చీకటి పడితే జింకలు అడ్డొస్తాయి, అందుకే సూర్యాస్తమయానికి గదికి చేరండి. పల్లె రోడ్ల మీద సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సగం ట్యాంకు ఖాళీ కాగానే గ్యాస్ కొట్టించండి. పౌరసత్వం లేని 18 ఏళ్లు నిండినవారు గ్రీన్ కార్డో, ఐ-94 పత్రమో వెంట ఉంచుకోవాలన్నది చట్టం. మీ ఇద్దరిలో ఎవరికి వర్తిస్తే వారు జేబులో పెట్టుకోండి.

తిండి సంగతి. దక్షిణాది కూరల్లో మాంసం కనపడకుండా ఉంటుంది. కాలర్డ్ ఆకుకూర, బీన్స్ పంది ఎముకతో ఉడికిస్తారు, మొక్కజొన్న రొట్టెలో ఒక్కోసారి పంది కొవ్వు కలుస్తుంది. వెజిటేరియనా అని అడిగితే అవునంటారు, ముక్కలు లేవు కాబట్టి. 'ఇందులో హ్యామ్ గానీ బేకన్ నూనె గానీ ఉందా' అని అడగాలి. బెండకాయ వేపుడు దొరుకుతుంది కానీ చికెన్ వేయించిన నూనెలోనే వేయించవచ్చు, పట్టింపు ఉంటే అదీ అడగండి. మ్యాక్ అండ్ చీజ్, చిలగడదుంప, కోల్‌స్లా ఉంటే పూట గడుస్తుంది. రైస్ కుక్కర్, కందిపొడి, ఆవకాయ, పెరుగుకి ఐస్ పెట్టె తీసుకెళ్లండి. మోటెల్ గదిలో తాలింపు మాత్రం పెట్టకండి, స్మోక్ అలారం మోగి అందర్నీ బయటికి తెస్తుంది. పరిచయాలు పెరుగుతాయి కానీ ఆ రకంగా కాదు. అయితే రోజుకు ఒక పూటైనా ఊరివాళ్ల హోటల్లో కూర్చుని తినాలి. పూటపూటా గదిలో పులిహోర తింటే ఫ్రిస్కోలో ఉన్నట్టే.

ఖర్చు నలుగురికి, రెండు పెద్ద మంచాల గది ఒక్కటి తీసుకుంటే 2,000 నుంచి 2,500 డాలర్ల మధ్య తేలుతుంది. ఎక్కువ భాగం గదులకూ తిండికీ. ఈ ప్రయాణంలో మ్యూజియం టికెట్లు పెద్ద లెక్క కాదు.

పిల్లల పని ఏమిటంటే, ఫోన్లు వాళ్లే చేయాలి. చర్చికి, సమ్నర్ సెంటర్‌కి, చైనీయుల మ్యూజియంకి, మౌండ్ బాయులో గైడ్‌కి. జనవరి చివరలో మొదలుపెట్టండి, మంగళ, బుధ, గురువారాల్లో పగటిపూట. ఆదివారం, సోమవారం చిన్న మ్యూజియంలు చాలావరకు మూసే ఉంటాయి, అందుకే పై లెక్కలో డెల్టాను వారం మధ్యలో పెట్టాను. మీ అమ్మాయి నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుంటే చాలు: పేరు, ఊరు, ఏ తేదీన ఎంతమంది వస్తున్నాం, ఎవరితోనైనా అరగంట మాట్లాడటం కుదురుతుందా. అబ్బాయికి సెన్సస్ పని: ఫ్రిస్కో, క్లార్క్స్‌డేల్ రెండింటికీ 1950లో, 2020లో జనాభా ఎంతో వెతికి పక్కపక్కన రాయాలి. ఒకటి ఎందుకు ఉబ్బింది, ఒకటి ఎందుకు తగ్గింది అన్నది దారంతా వాడి ప్రశ్న.

అడగకూడని ప్రశ్నలూ ఉన్నాయి. 'నువ్వు నిజంగా ఎక్కడివాడివి' అంటే మీ పిల్లలకు ఎలా ఉంటుందో, 'ఇక్కడ అందరూ పేదవాళ్లేనా' అంటే అక్కడివాళ్లకు అలాగే ఉంటుంది. ఈ పని మీకు ఎవరు నేర్పారు, ఈ భవనం ముందు ఏమిటి, మీ చిన్నప్పుడు స్కూలు బస్సు ఎక్కడ ఆగేది, ఇవి నడుస్తాయి. మోటెల్ నడిపే పటేల్ గారినీ అడగవచ్చు, ఏ ఏడాది వచ్చారు, ఊరివాళ్లు మొదట ఎలా చూశారని. మాటలు రికార్డు చేయాలంటే ముందు అడగాలి, వద్దంటే ఫోను లోపల పెట్టేయాలి. రాత్రి పడుకునే ముందు నలుగురూ మూడు ముక్కలు రాసుకోండి: ఈ రోజు కొత్తగా కలిసిన మనిషి, నేను పొరబడ్డ విషయం, రేపు అడగాల్సిన ప్రశ్న. మీవీ వాళ్లకు చదివి వినిపించండి.

ఇంటికొచ్చిన వారంలోపే పిల్లల చేత కృతజ్ఞత కార్డులు రాయించి పోస్టులో వేయండి. చర్చికి ఒకటి, గైడ్‌కి ఒకటి, కాఫీ పోసిన ఆవిడకీ ఒకటి. స్టాంపులు ముందే కొని ఉంచితే ఆ పని జరుగుతుంది, లేకపోతే ఏప్రిల్‌లో పరీక్షల కింద పడి ఆగిపోతుంది.